వన్నెకు కొలమానము

విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకుల యేలుబడిలోను తెలుగువారు పెక్కుమంది కోయంబత్తూరు, మధుర సీమలకు వలసపోయి స్థిరపడిరి. నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించినవారును, మగ్గమును నమ్ముకొన్నవారును వారిలో కలరు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు కోయంబత్తూరున లక్ష్మీ మిల్లును స్థాపించెను. ప్రత్తికిగాని, నూలుకుగాని, బట్టకుగాని వెల కట్టునప్పుడు మొదట చూచునది వన్నెనే.

మన భాషలో రంగుల పేర్లు పెక్కు పోలికలే: చిలుకపచ్చ, మావిచిగురు, నేరేడు, వంగపండు. పోల్చి చూచుటయే వన్నెను కొలుచుటకు తొలి సాధనము. కాని చిలుకలన్నియు నొకే పచ్చన గలవి కావు. ఇద్దరి కన్నులును ఒకటి కావు.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండున బీరు కాచు వృత్తిలోని జోసెఫ్ లవిబాండు టింటోమీటరును నిర్మించెను. ఎరుపు, పసుపు, నీలి గాజుబిళ్లలను లేతవి మొదలు ముదురువాని వరకు వరుసగా చేర్చి, వస్తువు వన్నెతో సరిపోయినప్పుడు బిళ్లల అంకెలను వ్రాసికొందురు. ఇందు తీర్పరి కన్నే. స్పెక్ట్రోఫోటోమీటరు అట్లుగాక, 400 మొదలు 700 నానోమీటర్ల వరకు గల తరంగములలో ఏది యెంత ప్రతిఫలించునో తానే కొలుచును. 1931లో అంతర్జాతీయముగా నిర్ణయింపబడిన ప్రమాణములు ఆ కొలతలను సంఖ్యలుగా మార్చుటకు ఆధారమైనవి.

ఒకే వన్నెగా కనబడు రెండు గుడ్డలు నిజముగా ఒకటేనా? దుకాణపు దీపము క్రింద చీరకు సరిపోయిన రవికగుడ్డ ఎండలో వేరుగా కనబడుట మన స్త్రీలెల్లరు నెరిగినదే. అద్దకమున వాడిన రంగులు వేరగుటయే దీనికి ప్రధాన కారణము. యంత్రము ఈ భేదమును ముందే తెలుపును.

ప్రత్తికి ప్రత్యేకముగా వర్ణమాపకము కలదు. ప్రతిఫలించు వెలుగు శాతమొకటి, పసుపుదనమొకటి, రెండు సంఖ్యల నిచ్చును. విచ్చిన కాయపై వాన పడినచో దూది మాసి వెల తగ్గును. ఎంత మాసినదో సంఖ్య చెప్పినప్పుడు రైతు కొనుగోలుదారు మాటనే నమ్మవలసిన పని లేదు. 1956లో కోయంబత్తూరున స్థాపితమైన దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘము ఇట్టి పరీక్షలకు పేరుగాంచినది.

అయినను సంఖ్య పేరునకు బదులు కాజాలదు. ఈ సీమలలో తెలుగు పెక్కిండ్ల మాటలలోనే నిలిచియున్నది. పాతపెట్టెలలోని చీరల వన్నెలను కొలిచి, పెద్దలు వాని కిచ్చు పేరును ప్రక్కన వ్రాసినచో, రంగు వెలిసినను మాట వెలియదు. ఇది మన సంఘములు చేయదగిన పని.