మీకు తెలుసా? గాలాలు చిక్కుపడకుండా ఉండాలంటే...

బ్రిటన్‌లో సముద్రపు ఒడ్డు నుంచి ప్లేస్, ఫ్లౌండర్, డాబ్ వంటి బల్లపరుపు చేపలను పట్టేవారు ఒకే దారానికి తరచూ రెండు మూడు గాలాలు కడతారు. ఈ చేపలు సముద్రపు అడుగున ఇసుక మీదే మేస్తాయి, కాబట్టి ఎరలు అక్కడ విడివిడిగా పడాలి. దారాలు చిక్కుపడితే ఎరలన్నీ ఒక్కచోట ఉండలా చుట్టుకుంటాయి.

● పెద్దదారం నుంచి గాలాన్ని మోసే పిల్లదారం, పక్క పిల్లదారం మొదలుకు అందకూడదు. రెండింటి మధ్య 50 సెంటీమీటర్లుంటే, పిల్లదారం 40 సెంటీమీటర్లు దాటనివ్వకండి.

● మరీ సన్నని, మెత్తని దారం ఇట్టే మెలిపడుతుంది. పిల్లదారానికి కాస్త బిరుసైన నైలాన్ గాని ఫ్లోరోకార్బన్ గాని మేలు.

● పిల్లదారాన్ని, పెద్దదారంపై రెండు పూసల నడుమ అమర్చిన చిన్న స్వివెల్‌కు (తిరిగే కడియానికి) కడితే, ఎర గిరగిరా తిరిగినా మెలిక పెద్దదారానికి ఎక్కదు.

● దూరం విసిరే ముందు గాలాన్ని బెయిట్ క్లిప్ అనే చిన్న కొక్కేనికి తగిలించండి. ఎర గాలిలో గింగిరాలు కొట్టదు, దారం చివరి సీసపు బరువు నీటిని తాకగానే గాలం విడిపోతుంది. క్లిప్ లేకపోతే, సీసం నీళ్లలో పడే ముందు క్షణంలో రీలును వేలితో మెల్లగా అదమండి. దారం తిన్నగా సాగి, గాలాలు వేటికవి విడివిడిగా పడతాయి.

● పీతలు ఎక్కువగా ఉన్నచోట ఎరను తరచూ పైకి తీసి చూడండి. అవి ఎరను లాగుతూ దారాన్నీ మెలిపెడతాయి.

● విడదీయలేని చిక్కును కోసి ఇసుకలో పారేయకండి. నైలాన్ దారం ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, సముద్రపు పక్షుల కాళ్లకు ఉరై చుట్టుకుంటుంది. తప్పకుండా ఇంటికి తీసుకెళ్లండి.