ఆయిలింజను స్పీడు పెంచే ముందు వాల్వు స్ప్రింగు చూసుకోండి

చెరువుకు నీరు త్వరగా ఎక్కాలని గవర్నరు స్ప్రింగును మరికాస్త బిగించడం గుండుగొలను, పూళ్ల, కైకరం వైపు రైతులకు మామూలే. నీరు కొంత పెరుగుతుంది, కాదనడం లేదు. కానీ తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ తగ్గి చేప పైకి తేలే వేళ ఆ ఇంజనే ఆగిపోతే పంట మొత్తం పోతుంది.

ఇంజనులో వాల్వును తెరిచేది క్యామ్‌షాఫ్టు, మూసేది స్ప్రింగు. 1500 ఆర్‌పీఎం మీద నడిచే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో వాల్వు నిమిషానికి 750 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మీరు దాన్ని 1800కు పెంచితే స్పీడు పెరిగింది 20 శాతమే. కానీ వాల్వును క్యామ్ వెంట వదలకుండా నడపడానికి స్ప్రింగుకు 44 శాతం ఎక్కువ బలం కావాలి. కొత్త స్ప్రింగులో కంపెనీ కొంత మిగులు బలం ఉంచుతుంది. ఏళ్ల తరబడి వేడికి అలసిన స్ప్రింగులో ఆ మిగులు ఉండదు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోకముందే పిస్టన్ పైకి వచ్చి దాన్ని కొడుతుంది. డీజిల్ ఇంజనులో ఆ రెండింటి మధ్య సందు చాలా తక్కువ. పుష్‌రాడ్ వంగుతుంది, లేదా వాల్వు తల తెగి సిలిండరులో పడుతుంది. ఇక హెడ్డు, పిస్టన్, లైనరు అన్నీ మార్చుకోవలసిందే. స్పీడు పెంచినప్పుడు టకటక మోగి, తగ్గించగానే ఆగిపోతే వెంటనే హెడ్డు కవరు విప్పి చూడండి.

పంపు నేరుగా ఇంజనుకు కలిపి ఉంటే ఇంకో నష్టం ఉంది. 20 శాతం స్పీడుకు పంపు అడిగే శక్తి సుమారు 73 శాతం పెరుగుతుంది. అయిదు హెచ్‌పీ లోడు ఎనిమిదిన్నర దాటుతుంది. నల్లపొగ, వేడి, డీజిలు ఖర్చు అన్నీ అందువల్లే. నీరు తగ్గిందంటే ముందుగా ఫుట్‌వాల్వు జల్లెడకు గుర్రపుడెక్క చుట్టుకుందేమో, సక్షన్ పైపు జాయింటులో గాలి లాగుతుందేమో, బెల్టు జారుతుందేమో చూడాలి. మన కొల్లేరు వైపు చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. బెల్టు పంపుకు దాని ప్లేటు మీద 1800 ఆర్‌పీఎం అని ఉంటే ఇంజనును 1500 మీదే ఉంచి, ఇంజనుకు ఆరంగుళాల పుల్లీ, పంపుకు అయిదంగుళాల పుల్లీ వేసుకోండి.

కొందరు మెకానిక్కులు స్ప్రింగు కింద వాషరు వేస్తారు, లేదా వేరే ఇంజను గట్టి స్ప్రింగు పెడతారు. ఇది నాకు నచ్చని పని. వాల్వు పూర్తిగా తెరుచుకునేటప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలితే రాకరు, పుష్‌రాడ్ విరుగుతాయి. అంతవరకు రాకపోయినా క్యామ్, టాపెట్ త్వరగా అరుగుతాయి.

ట్రాక్టరుకూ ఇదే వర్తిస్తుంది. చేపల లోడుతో చెరువు గట్టు దిగేటప్పుడు మధ్యలో చిన్న గేరు వేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. గవర్నరు డీజిలు ఆపగలదు గానీ ఆ స్పీడును ఆపలేదు. గట్టు దిగకముందే గేరు మార్చుకుని, ఆ గేరులోనే నెమ్మదిగా దిగండి. క్లచ్ నొక్కి వదిలేయరాదు. దమ్ము చేసేటప్పుడు యాక్సిలరేటరు పెంచినా స్పీడు పడిపోయి నల్లపొగ వస్తుంటే కింది గేరులోకి రావాలి.

దాళ్వా నాట్లకు ముందు, చెరువు పని లేని రోజుల్లో హెడ్డు విప్పించి స్ప్రింగులు చూపించండి. కొత్తదాని పక్కన నిలబెడితే పాతది పొట్టిగా ఉన్నా, ఒక పక్కకు వాలినా, తుప్పు గుంటలు పడినా మార్చాలి. వరదలో మునిగిన ఇంజనులో ఈ గుంటలే పగుళ్లవుతాయి. ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా కొనేటప్పుడు ఇంజను ప్లేటు మీది మోడలు నంబరు చెప్పండి. రెండు స్ప్రింగులూ ఒకేసారి మార్చి, లాకులు అరిగితే అవీ మార్పించండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కంపెనీ పుస్తకంలోని కొలతకు టాపెట్ సందు పెట్టించి, కొన్ని గంటలు నడిచాక ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి మరోసారి సరిచూడాలి.