పెళ్లి కాగితం ఎవరికి?

కొల్లేటికోటలో దళిత క్రైస్తవ కుర్రాడూ, హిందూ పిల్లా మత చట్టాల జోలికి పోకుండా పెళ్లాడాలంటే దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఆఫీసులో నోటీసు అంటిస్తారు. అభ్యంతరాలకి 30 రోజుల గడువు. కులపోళ్ళకి అది కబురే గదా!

హైదరాబాదుకి చెందిన సుప్రియో, అభయ్ అనే ఇద్దరు మగవాళ్ళు 2022లో సుప్రీంకోర్టుకెళ్ళి తట్టింది ఈ చట్టం తలుపే. పెళ్లి ప్రాథమిక హక్కు కాదనీ, చట్టం చెయ్యడం పార్లమెంటు పననీ 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీలూ చెప్పారు. పునస్సమీక్ష పిటిషన్లని 2025 జనవరిలో కొట్టేశారు.

అంతకు నెల ముందే, తండ్రి నిర్బంధించాడన్న కేసులో, ఒక యువతి తన స్నేహితురాలితో కలిసి బతకొచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. బతకొచ్చు; భార్యాభర్తలకుండే వారసత్వం, పింఛను మాత్రం లేవు.

ఎవరు ఎవర్ని చేసుకోవాలో ఇంటి పెద్దలూ కులమూ తేల్చే పద్ధతితో మన పోరు పాతదే. అందుకే ఈ కేసు పరాయిది కాదంటున్నాం.