తల మీద నడిచే రైలు

నందిగాం, టెక్కలి వైపు వాళ్లకు రైలు కొత్త కాదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్న రైలు నడిచింది. కాని తల మీద నడిచే రైలును చూడాలంటే హైదరాబాదు వెళ్లాలి. ఉద్దానం నుంచి అక్కడికి పనికి పోయిన వాళ్లకు అది బాగా తెలుసు. దాని పేరు మెట్రో రైలు.

రైలును పైకి ఎందుకు ఎక్కించారు? హైదరాబాదులో జనం పెరిగారు. కార్లు, స్కూటర్లు పెరిగాయి. బస్సు ఎక్కితే ఎప్పుడు చేరుతుందో తెలియదు. 2003లో లోకల్ రైళ్లు వేశారు. అవి పాత పట్టాల మీదే పోతాయి. పట్టాలు లేని పేటలకు ఎలా పోతాయి? నేల మీద కొత్త పట్టాలు వేయాలంటే ఎన్నో ఇళ్లు తీసేయాలి. భూమి కింద తవ్వాలంటే ఖర్చు చాలా ఎక్కువ. అందుకని రోడ్డు మధ్యలో స్తంభాలు లేపారు.

2010లో ప్రభుత్వం ఎల్ అండ్ టి కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2012లో పని మొదలైంది. కాంక్రీటు ముక్కలను వేరేచోట పోతపోసి, లారీల మీద తెచ్చారు. వాటిని పైకెత్తి, లోపలినుంచి ఉక్కు తాళ్లు బిగించి కలిపారు. పూలదండ గుచ్చినట్టే!

2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య మొదటి రైలు నడిచింది. 2020 ఫిబ్రవరికి మూడు దారులు, 69 కిలోమీటర్లు అయ్యాయి. ఒక దారి నుంచి ఇంకో దారికి అమీర్‌పేటలో మారవచ్చు. అక్కడ ఒక రైలు కింద, ఇంకో రైలు పైన! బోర్డు చదివితే దారి తెలుస్తుంది. పెట్టెలో కొంత చోటు ఆడవాళ్లకే.

అందరూ సంతోషించారా? లేదు. సుల్తాన్ బజారు వ్యాపారులు దుకాణాలు పోతాయని ఏళ్లతరబడి గొడవపడ్డారు. అయినా చివరికి రైలు అటే వెళ్లింది. పాతబస్తీకి మాత్రం రాలేదు. ఫలక్‌నుమా దాకా వేస్తామని మొదట్లోనే చెప్పారు. అక్కడ శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో!

టికెట్టు సంగతీ ఉంది. 2017లో 10 నుంచి 60 రూపాయలు. 2025లో ఇంకా పెంచారు. నాలుగిళ్లలో పనిచేసే ఆమె రోజూ రానూపోనూ అంత పెట్టగలదా? తెలంగాణలో ఉండే ఆడవాళ్లకు 2023 డిసెంబరులో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చారు. రైలు పైన వేగంగా పోతున్నా, ఆమె కింద బస్సు కోసమే నిలబడుతుంది.