ముందు రెండు పలకలు తీసేయాలి

తరగతిలో 30 మంది పిల్లలు. ఒకరికి లయ పుట్టుకతోనే వచ్చింది, ఇంకొకరికి చెయ్యి ఎప్పుడు లేపాలో తెలియదు. వీళ్ళందరూ కలిసి వాయించే పాటను ఎలా కూర్చాలి? జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్, గునిల్డ్ కీట్‌మన్‌తో కలిసి దీనికో దారి చూపించాడు. అది 1948లో బవేరియా రేడియోలో పిల్లల కార్యక్రమంగా వినిపించింది, 1950-54 మధ్య ఐదు సంపుటాలుగా అచ్చయింది.

వాళ్ళ పద్ధతిలో వాడే సైలోఫోన్‌లో చెక్క పలకలు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. మ, ని పలకలు తీసి పక్కన పెడితే స రి గ ప ద మిగులుతాయి. మనవాళ్ళు వెంటనే మోహన అనేస్తారు. స్వరాలు అవే గాని, పలక మీద గమకం పలకదు కదా, రాగమనడం కాస్త ఎక్కువే. అసలు లాభం వేరు. గ-మ, ని-స లాంటి ఇరుకు జంటలు ఇక ఉండవు. కాబట్టి ఎవరు ఏ పలక కొట్టినా చెవికి గుచ్చుకోదు. తీసేసిన స్వరాలు రెండో సంపుటం నుంచి వస్తాయి.

పాటకు అడుగున, పెద్ద సైలోఫోన్ మీద స-ప మోగుతూ ఉంటాయి. తంబురా చేసే పనే, కాకపోతే తాళానికి కట్టుబడి. ఇందులోనూ మెట్లున్నాయి. రెండు చేతులూ ఒకేసారి కొట్టడం చిన్నపిల్లలకు ఇట్టే వస్తుంది. చేతులు మార్చి మార్చి కొట్టడం ఆ తర్వాత. ఎడమచెయ్యి కుడిచేతిని దాటి పై షడ్జమం అందుకోవడం ఇంకా చాలా తర్వాత.

దాని మీద రెండు మూడు స్వరాల ముక్క ఒకటి పదేపదే తిరుగుతుంది. దాన్ని ఓస్టినాటో అంటారు. కొత్తగా కూర్చేవాళ్ళు తడబడేది ఇక్కడే. పాట పరుగెత్తేచోట ఈ ముక్కనూ పరుగెత్తిస్తారు, మాటలు వినపడవు. పాట కదిలినప్పుడు ఇది నిలవాలి, పాట దీర్ఘం తీసినప్పుడు ఇది కదలాలి. లోహపు గ్లాకెన్‌స్పీల్ మోత చాలాసేపు నిలుస్తుంది గనుక, చరణం చివర రెండు దెబ్బలు చాలు. తేలిక పని అనుకుంటాం గాని, అందరికంటే జాగ్రత్తగా వినాల్సింది అది వాయించే పిల్లే.

వాయిద్యాలు ముందే చేతికివ్వరు. మొదట మాటల్ని లయగా పలికిస్తారు, తర్వాత తొడల మీద చరిపిస్తారు, అక్కడ కుదిరాకే పలకల దగ్గరికి. ప్రతి భాగమూ అందరికీ నేర్పి, ఆ తర్వాతే పంచుతారు. అందుకే గ్లాకెన్‌స్పీల్ పిల్ల జ్వరమొచ్చి బడికి రాకపోయినా పక్కవాడు లేచి ఆ రెండు దెబ్బలూ కొట్టేస్తాడు.