త్రాగునీరు, ఎముక, ముదిమి

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నెల్లూరు జిల్లా పల్లెలలో మెడ తిరుగక, నడుము వంగక, నడివయసునందే పరాధీనులైన కర్షకులను పరీక్షించి, ఆ వ్యాధికి బావినీటిలోని ఫ్లోరైడే మూలమని లోకమునకు తెలిపిరి. దర్శి, పొదిలి, కనిగిరి సీమలు నాడు ఆ జిల్లాలోనివే. 1970లో, నేడు ప్రకాశమని పిలువబడు జిల్లా ఏర్పడినపుడు, అందు చేరినవి. అందువలన దర్శి పొరుగుననున్న ముండ్లమూరు వంటి మెట్టపల్లెలో, ముదిమికి చేరువగుచున్న తల్లిదండ్రుల కొరకు ముందుగా నేమి చేయవలెనని ఎవరైన నడిగినచో, నేను తొలుత వారు త్రాగు బోరునీటిని గూర్చియే ప్రశ్నింతును.

శరీరమునకు చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రపిండములద్వారా వెడలిపోగా, నిలిచినదానిలో 99 శాతము ఎముకలయందును దంతములయందును కుదురుకొనును. ఎముకకు గట్టిదనము నొసగు కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికములలో హైడ్రాక్సిల్ అయానుల స్థానమును ఇది ఆక్రమించుటచే, ఎముక ఎక్స్‌రేలో దట్టముగా కానవచ్చినను లోన పెళుసుబారును. స్నాయువులు సున్నము పట్టి బిగిసికొనిపోవును. మోతాదు మిక్కిలి హెచ్చినచోట వెన్నుపాము నొక్కబడి కాళ్లు చచ్చుబడుటయు కలదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. ఏండ్లు పైబడినకొలది మూత్రపిండముల శక్తి సన్నగిల్లును గనుక, నిన్నటి నీటినే నేడును త్రాగుచున్నను, ఒంటిలో నిలిచిపోవు పాలు పెరుగుచునే యుండును. కండ తరుగుట, చూపు మందగించుట, అడుగు తడబడుట ఎల్లవారికిని కలుగునవే. ఈ సీమయందు అవి బిగిసిన వెన్నుపై వచ్చి పడుచున్నవి.

నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. ఆవిరియైన మేరకు మిగిలిన నీరు మరింత చిక్కబడును. ఈ సంగతి ప్రతి వంటింట తెలియవలెను. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో నీటిని పరీక్షింపించుటయు, కాలువనీటినో వాననీటినో శుద్ధిచేసి వాడుటయు, పాలు, రాగులు, నువ్వులు వంటి కాల్షియముగల ఆహారము పెట్టుటయు పెద్దలకు నలువది యేండ్లున్నప్పుడే ఆరంభింపదగినవి. ఒకసారి ఎముకలో చేరినది ఏండ్ల తరబడి వీడదు. ఇంటిలో గొంతుకూర్చుండు మరుగుదొడ్డికి బదులు ఎత్తైన కమోడు, గోడకు పట్టుకొను కడ్డీ, రాత్రివేళ వెలిగెడి చిన్న దీపము అమర్చుటకు పెద్దవారు జారిపడువరకు నిరీక్షింప నేల?

తెలివి నిండుగ నున్నపుడే తేల్చుకొనవలసినవియు కొన్ని కలవు. మన దేశమున అరువది దాటినవారిలో 7.4 శాతమునకు మతిమరపు వ్యాధి యున్నదని 2023లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. పొలమును బిడ్డలకు దానపట్టాగా వ్రాసి యిచ్చువారు, తమ పోషణ భారము వారిదేయను షరతును అందే వ్రాయించుట మేలు. అట్టి షరతు తప్పినచో ఆ బదిలీని రద్దుపరచు అధికారమును 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము, 23వ విభాగమున, ట్రిబ్యునలునకు ఇచ్చియున్నది. మరణశయ్యపై యంత్రసహాయము వలదని ముందుగా వ్రాసియుంచు హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించినది.

ఇన్ని చెప్పినను అసలు చిక్కు వేరొకటి కలదు. కొడుకులు కూలికై హైదరాబాదునకో, మిరపకోతలకై గుంటూరు సీమకో పోవు ఈ పల్లెలలో, తండ్రిని చూచుకొనుటకు తల్లి యున్నదికదా యని అందరును నిశ్చింతగ నుందురు. ఆ తల్లియు నలువది యేండ్లుగా ఆ బోరునీటినే త్రాగినది. భర్తను లేవనెత్తవలసిన ఆమె నడుమును, ఆమె మోకాళ్లును అదే వేగమున బిగియుచున్నవి. అడుగువారు లేక ఆమె నొప్పిని పైకి చెప్పదు. కావున తండ్రిని ఒంగోలు ఆసుపత్రికి తీసికొనిపోవునాడు తల్లిని గూడ వెంట గొనిపోయి, ఆమె వెన్నును, మూత్రపిండములను పరీక్ష చేయింపవలెను. ఆమెయు మంచము పట్టినయెడల ఊరిలో ఉండువారెవరో, సెలవుపెట్టి వచ్చువారెవరో, ఖర్చు పంచుకొనువారెవరో బిడ్డలందరు కూర్చుండి ఇప్పుడే నిర్ణయించుకొనవలెను. దిక్కుతోచనపుడు వృద్ధుల సహాయమునకై కేంద్రప్రభుత్వము నెలకొల్పిన 14567 అను ఫోను సంఖ్యను ఆమె చదువగలుగునంత పెద్ద అక్షరములతో గోడపై వ్రాసియుంచుడు.