డిప్రికేటెడ్ అంటే తీసేసినట్టేనా?

ఇంటర్వ్యూలో చాలామంది ‘అవును’ అనేస్తారు. కాదు. ఇప్పటికి పనిచేస్తుంది, త్వరలో తీసేస్తారు అని ముందస్తు హెచ్చరిక. క్లౌడ్, లినక్స్ ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవారు వాడే ఎమ్యులేటర్ క్యూఎమునే చూడండి. పాత డిస్క్ ఇమేజ్‌పై ఆధారపడి కొత్తది సృష్టించేటప్పుడు, పాతదాని ఫార్మాట్ మనం చెప్పకపోతే ఒకప్పుడు అదే ఊహించుకునేది. సుఖమే, కానీ ప్రమాదం! రా డిస్క్ మొదట్లో గెస్ట్ మెషీన్ దొంగ హెడర్ రాసిపెడితే, క్యూఎము దాన్ని క్యూకౌ2 అనుకుని హోస్ట్‌లోని వేరే ఫైల్‌ను గెస్ట్‌కు చూపించేయొచ్చు. అందుకే 2020లో 5.1 వెర్షన్‌తో వార్నింగ్ మొదలైంది. మరుసటి ఏడాది 6.1లో నేరుగా ఎర్రరే. పాత ట్యుటోరియల్ చూసి కొట్టిన కమాండ్ ఆగిపోయేది ఇక్కడే. బేస్ ఇమేజ్ పేరుతోపాటు ‘క్యాపిటల్ ఎఫ్’ ఆప్షన్‌లో దాని ఫార్మాట్ కూడా ఇవ్వండి, నడుస్తుంది.